పది రూపాయల తేడా

ఆడిటర్ సారు కండ్లద్దాలు నెత్తి మీదికి జరిపి
మళ్ళ అడిగిండు:
"ఏడేండ్ల సంది ఈ పది రూపాయల తేడా ఏంది పెద్దమనిషీ?"

ముప్పై నాలుగేండ్లు కాజీపేట పార్సిల్ ఆఫీసుల
తూకం చీటీలు రాసినోణ్ణి.
లెక్క కుదరకుంటే బువ్వ సయించనోణ్ణి.
అయినా ఈ తేడా దిద్ద.
కూసోండ్రి సారూ, చాయ్ చల్లారుతది, చెప్త.

మా చెల్లె పెనిమిటి వారానికి మూడుసార్లు
పొద్దుగాల రైలుకు పట్నం పోయి
రక్తం కడిగించుకొని వచ్చేటోడు.
ఒకనాడు రైలు వచ్చింది. ఆయన రాలే.
పన్నెండు దినాలైనంక కొత్తవాడల ఒక షట్టరు కిరాయికి తీసుకొని
రశీదు పుస్తకం అచ్చేయించిన.
మొదటి రశీదు నాకు నేనే రాసుకున్న.

తర్వాత ఎనుమాముల హమాలీలు.
మిర్చి సీజన్ల పది బస్తాలకు ఒక రూపాయి.
సంచి విప్పితే చాలు, బ్యాంకంత తుమ్ములే.
"మీ సంఘం పైసలు ముందుగాల దులిపి తేండ్రి" అని
కేషియరమ్మ కొంగు అడ్డం పెట్టుకొని లెక్కవెట్టేది.
కండ్లల్ల నీళ్ళు కారుతుండె. కారమే అనుకోండ్రి.

ఒకపారి నాటకం ఆడించినం.
నష్టం మూడు వందల నలభై.
అదీ రాసిన, సూడుండ్రి, ఎర్ర సిరాతోని.

కొక్కుల సాంబమూర్తి రెండు నెలలు మగ్గం మీద వంగి
జంపఖానా నేసిచ్చిండు.
వేలంల పదకొండు వేలకు పాడిన బట్టల షాపాయన
పైసలు కట్టి, "మళ్ళ పాడుండ్రి" అన్నడు.
రెండో ఆయన గూడ అదే మాట.
ఆ జంపఖానా ఐదుసార్లు అమ్ముడువోయింది సారూ,
ఒక్కరింటికి పోలే.
పక్కగదిల పేషెంట్ల ఆడోళ్ళు నడుం వాల్చేది దాని మీదనే.

ప్లాట్ల యాపారమాయన లక్ష ఇస్తనన్నడు,
మిషిన్ మీద ఫోటో పెట్టాలన్నడు.
రాత్రి పదిదాంక మీటింగు. ఎవ్వరికీ నోరు రాలే.
గది తుడిచే యాకమ్మ చీపురు పట్టుకొనే అన్నది:
"నాలుగు గంటలు పండుకొనేటోడు ఆయన మొఖాన్నే సూసుకుంట ఉండాల్నా?"
మాట ఆయనదాంక పోయింది.
నవ్విండట.
యాభై వేలకు చెక్కు పంపిండు, ఫోటో లేకుంట.

అట్లట్ల నాలుగు మిషిన్లు.
ఇప్పుడు పట్నం రైలెక్కకుంట
ఇరవై ముగ్గురు నడిసొచ్చి, నడిసి పోతున్నరు.

పది రూపాయలా? వస్తున్న.

నల్లాల ఓదెలు. హమాలీ జట్టుల పెద్ద ఓదెలు.
రెండు బస్తాలు ఒక్కపారే ఎత్తేటోడు
కాళ్ళు ఉబ్బి, మార్కెట్ గేటుకాడ కూసొని
జట్టోళ్ళ చెప్పులకు కావలుండేటోడు.
ఒకనాడు నన్ను పిలిచి బొడ్ల సంచి విప్పిండు.
పది నోటు. సగం నెంబరుతోని ఒక ముక్క ఎటో పోయింది.
"నాది గూడ రాయి" అన్నడు.
రాసిన. పది రూపాయలని అంకెలల్ల, అక్షరాలల్ల.

బ్యాంకోళ్ళు తీసుకోలే. రెండుసార్లు పోయిన.
మొదటి మిషిన్ లారీ దిగిన నాటికి ఓదెలు లేడు.
రశీదేమో పది అంటది, బ్యాంకేమో లేదంటది,
ఇద్దరూ అబద్ధమాడతలేరు.
ఆ నోటు ఇగో, పుస్తకం వెనుక అట్టకు అతికించిన.

జేబుల నుంచి ఒక పది ఏస్తే అయిపోతది కదా అంటరు.
అయిపోతది.
ఓదెలు గూడ అయిపోతడు.

సారు పెన్ను మూత తీసిండు.
"కారణం" అన్న గడి కాడ ఆగిండు.
గోడ అవతల మిషిన్ తిరుగుతున్న చప్పుడు.
ఏం రాసిండో నేను సూడలే.
లేచి, ఈయేడు ఫీజు వద్దన్నడు.
నేను రశీదు పుస్తకం తీసిన.
"అదెందుకయ్యా?" అన్నడు.

వద్దంటే ఎట్ల సారూ, పూర్తి పేరు చెప్పుండ్రి.
మళ్ళ తేడా వస్తది.