తొలి సున్నా

కాశీబుగ్గ జీడిపప్పు బట్టీలో
నా లాప్‌టాప్ మీదా పొట్టే.

అర్రే నిండా ఈవేళ్టి తూకాలు.
గుండు పప్పైతేనే కూడు,
బద్దైతే దాటెయ్.
షావుకారి షరతు, ఒక్క వరస కోడు.

పద్దెనిమిది పేర్లకి చకచకా మొత్తాలు పడ్డాయి.
తౌడమ్మ దగ్గర ఆగిపోయింది,
ఎర్రక్షరాలతో.

జీడి రసానికి వేళ్ళు పొక్కి
గుడ్డ చుట్టుకుని కొట్టిందట,
అన్నీ బద్దలే.
ఖాళీ వరసని కూడమంటే
ఎక్కణ్ణించి మొదలెట్టాలో
రెడ్యూస్‌కి తెలీదు.

చివర్న ఓ సున్నా పెట్టాను.
తప్పు పోయింది.
తౌడమ్మ: సున్నా.

"నా పేరొచ్చిందేటి బావూ?"
వచ్చింది.
"మరైతే సరే" అని
బద్దల చేట చంకనెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సున్నా పక్కన కర్సరు కొట్టుకుంటోంది.
సేవ్ చెయ్యనా అని
తెర అడుగుతూనే ఉంది.