నాలుగు సెకన్లు

ఫిషింగ్ హార్బర్లో ఐసు లెక్కల గది.
తలుపు తీస్తే ముందు వాసన పలకరిస్తుంది,
తర్వాత ఎల్లాజీ.
"మళ్లీ ఆరిపోనాదండి. ఏటీ సెప్పదు, పెట్టదు.
బోట్లొచ్చే ఏల సూసుకుని మరీ ఆరిపోతంది."

పదహారేళ్లుగా ఇదే పని నాది.
యంత్రానికి వేళాపాళా ఏమిటని నవ్వుకునే రకం.
మూత విప్పాను.
పోర్టు నుంచి ఎగిరొచ్చిన బొగ్గు నుసి, ఉప్పు,
ఫ్యాను రెక్కకి అతుక్కుని వెండి పొలుసు ఒకటి.
ఎల్లాజీ గోటితో తీసి, వెలుతురుకి పెట్టి చూసి
"కవళ్లు" అన్నాడు.

ఊడ్చాను. ఎండిన పేస్టు గీకి
బియ్యపు గింజంత కొత్తది పెట్టాను.
ర్యామును పిల్లల రబ్బరుతో రుద్దాను.
ఆ సాయంత్రం ఐదూ నలభైకి
మూడు వందల పన్నెండో దిమ్మ దగ్గర
తెర నల్లబడింది.

లాగు తెరిస్తే ఎర్ర గుర్తుల వరస.
"అనుకోకుండా ఆగిపోయింది."
తన చావుని తానే రాసుకుంటుంది, లేచాక.
కారణం మాత్రం రాయదు.
మా చిన్నాన్నా ఇంతే,
మూర్ఛ నుంచి లేచి
టైమెంతయిందని ఒక్క మాటే అడిగేవాడు.

ఎస్ఎంపీఎస్ మార్చాను. పద్నాలుగు వందలు.
ఎల్లాజీ లెక్కపెట్టి ఇచ్చిన నోట్లు
ఒక్కోటీ చెమ్మగా ఉంది.
మూడో రోజుకి మళ్లీ ఫోను.
వోల్టేజీ అన్నాను. యూపీఎస్ తెచ్చి పెట్టాను.
అది నిక్షేపంలా వెలుగుతూనే ఉంది,
దాని పక్కన ఇది ఆరిపోయింది.

డబ్బా మొత్తం స్కూటరు మీద కట్టుకుని
డాబాగార్డెన్స్‌లో నా షాపుకి తెచ్చాను.
రెండు పగళ్లు, రెండు రాత్రులు నడిపించాను.
కన్ను మూయలేదు.
డాక్టరు ముందు కూర్చోగానే మాయమయ్యే దగ్గులాగా.

"మీ కాడ బాగుంటాది, మా కాడ సచ్చిపోతాది.
మా గాలి పడదేటండీ దానికి?"
ఎగతాళికే అన్నాడు.
నాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు.

చివరికి పని మానుకుని అక్కడే కూర్చున్నాను,
స్క్రూడ్రైవరు జేబులోనే ఉంచి.
ఐదు దాటింది. డాల్ఫిన్ కొండ మీద
లైటు ఇంకా వెలగలేదు.
మొదటి బోటు జెట్టీకి తగలగానే
కిటికీ అవతల ఐసు కొట్టే మర మొదలైంది.
చల్లటి తుంపర గదిలోకి,
నా కళ్లద్దాల మీదికి, బల్ల మీదికి,
డబ్బా ముఖాన ఉన్న బటన్ మీదికి.

బటన్ చుట్టూ ఆకుపచ్చ చిలుము.
ఎవరూ నొక్కలేదు.
లోపల రెండు రేకుల మధ్య
ఒక ఉప్పు చెమ్మ చేయి చాచింది.
ఒకటి. రెండు. మూడు.
తెర నల్లబడింది.

నాలుగు సెకన్లు బటన్ నొక్కి పట్టుకుంటే
చేతిలో పని ఏదున్నా వదిలేసి ఆగిపోవాలి.
పుట్టుకతో దానికి నేర్పిన మాట అది.
ఇన్నాళ్లూ అది చెడిపోలేదు.
మాట వింటోంది.

బటన్ తీగలు రెండూ పీకేశాను.
పక్కనే రీసెట్ అని,
ఎవరూ ఎన్నడూ ముట్టుకోని బుల్లి బటన్ ఒకటి.
దాని తీగలు తెచ్చి
ఆ పిన్నులకి తొడిగాను.
రెండు నిమిషాల పని. ఖర్చు లేదు.

పద్నాలుగు వందల్లో ఏడొందలు తిరిగిచ్చాను.
మొత్తం ఎందుకివ్వలేదో నాకూ తెలీదు.
ఆ పాత ఎస్ఎంపీఎస్ నా అలమరలోనే ఉంది,
ఏ దోషమూ లేకుండా.

ఎల్లాజీ పాత బటన్ మీద
వేలికి చుట్టే ప్లాస్టరు అంటించి
స్కెచ్ పెన్నుతో "నొక్కకండి" అని రాశాడు.
ఇప్పుడు బోటు దిగినవాడల్లా
ఐసు రసీదు కోసం వచ్చి
ముందు దాన్నే నొక్కి చూస్తున్నాడట,
ఏమవుతుందోనని.

ఏమీ కాదు.