మూలం అడిగినవాళ్ళకి

అల్లిపురంలో కరెంటు పోయిన రాత్రి
పన్నెండు శాతం చార్జింగు మీద
ఒక ఊరిని మడతపెడుతున్నాను.
కెర్నల్, ఉత్తరాలు రాసే కాగితం, లెక్కల పుస్తకం, బొమ్మల పెట్టె
అన్నీ ఏడువందల మెగాబైట్లలో పట్టాలి,
హార్బర్లో ఎండు నెత్తళ్ళు గోనెలో తొక్కి
మూతి కుట్టినట్టు.

ఈ పనిముట్టు మంచిది.
ఏమేం కావాలో వరసగా రాసిస్తే
తెచ్చుకుంటుంది, విప్పుతుంది, అక్కర్లేనివి గీకేస్తుంది.
ఎక్కడ ఆగిపోతే అక్కణ్ణుంచే మళ్ళీ మొదలెడుతుంది.
ఆ ఒక్క గుణానికి దండం పెట్టాలి.
మా ఇంట్లో తగువైనా
మొదట్నుంచే మొదలవుతుంది.

డిస్కుకి ఎర్రమట్టి అని పేరు పెట్టాను.
హార్డ్ డిస్కు చచ్చిన మెషిన్లోనైనా లేస్తుంది.
తీసేస్తే ఏమీ మిగలదు,
ఎవరో దిగిపోయిన సిటీ బస్సు సీటులో
కాస్త వెచ్చదనం తప్ప.

మొదటి కాపీ సిలగం కూర్మారావు గారికి.
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు వెల్డింగు చేసిన మనిషి.
"పాటలు పలకట్లేదేటి బాబూ?"
పాట ఉంది, దాని తాళంచెవి ఇంకొకరిది.
మీ ఇంటికొచ్చి పెట్టొచ్చు, మీరు వినొచ్చు,
డిస్కులో పెట్టి ఊరందరికీ పంచకూడదు.
ఆయన చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు.
"అంటే గళాసుతో ఇవ్వొచ్చు,
బిందెతో ఇవ్వకూడదు."
అప్పట్నుంచి ఎవరడిగినా నేను ఆ మాటే చెబుతున్నాను.

ఎవరి పునాది మీద కట్టానో
వాళ్ళ గుర్తు చెరపాలి.
మార్చావు కదా, మా పేరు పెట్టకు అన్నారు. న్యాయమే.
చెరిపి చెరిపి ఒకచోట మరిచిపోయాను,
మెషిన్ ఆగేటప్పుడు రెప్పపాటు కనిపిస్తుంది.
కాల్చిన నలభై డిస్కులూ వెనక్కి అడుక్కున్నాను.
ముప్పైతొమ్మిది దొరికాయి.

ఇక అక్షరాలు.
ఫాంటు ఫైల్లో లైసెన్సు ఉండాల్సిన చోట ఖాళీ.
ఖాళీ అంటే ఉచితం అనుకుంటారు చాలామంది.
ఖాళీ అంటే ఎవరూ ఇంకా అడగలేదని.
అడుగున ఒక పేరు: బొడ్డు తవిటయ్య, పూర్ణా మార్కెట్.

శుభలేఖల ప్రెస్సు. గడప దాటగానే సిరా వాసన.
"ఆ ళ చూసావా? దానికే నాలుగు నెలలు పట్టింది.
పంచుకో. అమ్ముకున్నా ఒప్పుకుంటాను.
వంపులు మార్చావనుకో, నా పేరు తీసెయ్.
మార్చకపోతే ఉంచు."
కాగితం మీద రాసివ్వమన్నాను.
నవ్వి, తప్పు పడిన శుభలేఖ ఒకటి తిరగేసి
వెనక రాశాడు.
స్కాన్ చేసి డిస్కులో చేర్చాను.
ఇప్పటికీ ఆ ఫైలు తెరిస్తే
సంతకం కింద, అద్దంలోలా తిరగబడి,
ఎవరిదో పెళ్ళి లీలగా కనిపిస్తుంది.

ప్రతి డిస్కు కవరులో ఒక చీటీ పెట్టేవాణ్ణి:
"ఇందులోని ప్రోగ్రాముల మూలం కావాలంటే అడగండి.
ఖర్చుకే ఇస్తాను. మూడేళ్ళ దాకా."
కింద నా ఫోన్ నంబరు.

మూడేళ్ళలో రెండిళ్ళు మారాను.
మూలం రాసిన డిస్కుల సంచీ ప్రతిసారీ
బియ్యం డబ్బా పక్కనే లారీ ఎక్కింది.
"ఎవులడుగుతారు దాన్ని, ఒగ్గేయ్" అంది మా అక్క.
నిజమే, ఎవరూ అడగలేదు.

పదకొండు రోజుల గడువుందనగా
జాలారిపేట నుంచి ఒక పిల్ల వచ్చింది. నూకరత్నం.
ఇంటర్ రెండో సంవత్సరం.
చేతిలో గీతలు పడ్డ డిస్కు, ఉప్పుగాలికి చివికిన చీటీ.
"ఆపేటప్పుడు ఒక బొమ్మ వచ్చి పోతాదండి.
అదెక్కడ దాక్కుందో చూద్దామని."

నలభయ్యోది.

సంచీ దించి ఇచ్చాను.
"ఎంతివ్వాలండి?"
డిస్కులకి అరవై.
ఐదులూ రెండ్లూ లెక్కపెట్టి బల్ల మీద పేర్చింది.
వద్దనబోయి
తీసుకున్నాను.
చీటీలో అలాగే రాశాను కదా.