రెండు చుక్కల మధ్య

మలక్‌పేట సర్కిల్ ఆఫీసు, రెండో అంతస్తు,
కూలర్‌లో నీళ్లయిపోయిన మధ్యాహ్నం.
ఒక వార్డు మొత్తం, మూడువేల నూటపన్నెండు ఇళ్లు,
స్కానర్ తగిలించిన వరస నంబర్లతో పడున్నాయి,
పేట్లబుర్జు ఆస్పత్రిలో
పసికాళ్లకి కట్టే పట్టీల్లా.

వాటికి ఇంటినంబర్లు పెట్టడం నా పని.
ఈ ఊళ్లో ఇంటినంబరంటే ఒక దారి:
పదహారు, డ్యాషు, రెండు, డ్యాషు, నూటనలభై ఏడు,
బై యాభై, బై సి, బై వన్.
అన్నదమ్ములు విడిపోతే ఒక బై.
మేడమీద రేకులగది వేస్తే ఇంకో బై.
ఫైలు పేర్లో బై గీత రానివ్వదు యంత్రం,
అది కనిపిస్తే లోపల ఇంకో గది ఉందనుకుంటుంది.
ఉంది మరి.

మౌసుతో మారిస్తే మూడు వారాలు.
నల్లతెర మీద ఒక్క వాక్యం రాసి ఎంటర్ కొట్టాను.
ఏమీ అనలేదు.
పని సరిగ్గా జరిగితే మాట్లాడదు,
తప్పయితేనే అరుస్తుంది, అచ్చం మా సూపర్నెంటు.

ఇక తుడవాల్సినవి,
రెండోసారి స్కానైనవి, తోకలో ఓల్డ్ అని ఉన్నవి.
తీసెయ్, స్టార్, చుక్క, ఓల్డ్.
స్టారంటే ఏదైనా సరే అని.
మన భాషలో స్టారూ చుక్కే, చుక్కా చుక్కే.
రెండూ ఆనుకుని ఉండాలి.
నా బొటనవేలు మాత్రం
అలవాటుకొద్దీ ఒక్కసారి స్పేస్ మీద వాలింది.

యంత్రం రెండు మాటలుగా విన్నది.
ఏదైనా సరే, తీసెయ్.
చుక్క ఓల్డ్, అదీ తీసెయ్.
మొదటిది చేసేసింది.
రెండోదానికి నోరు విప్పింది:
ఆ పేరుతో ఫైలేదీ లేదు.

చెత్తబుట్ట లేదు. ఖాయమేనా అని అడగడం లేదు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.

రికార్డు రూం ముఖీత్ సాబ్‌కి చెప్పాను.
"కాగజ్ హై నా" అని తాళాలగుత్తి తీశారు.
తొమ్మిది ఆదివారాలు,
ఆయన ముక్కుకి రుమాలు, నా ముక్కుకి చున్నీ.
అన్నీ మళ్లీ ఎక్కాయి, ఇరవై మూడు తప్ప.
మొదటి స్కానయ్యాక పడ్డ జూలై వానకి
కింది అర ముద్దయిపోయిందని
అప్పుడే తెలిసింది మాకు.

ముఖీత్ సాబ్ కళ్లు మూసుకుని చెప్పారు
ఒక్కొక్కటీ, డ్యాషులతో, బైలతో సహా:
"బై సి, బై వన్. మెట్లు బయటినుంచి.
కుట్టుమిషన్ మాణిక్యమ్మ."
నేను టచ్ అని కొట్టి ఆ నంబరు రాశాను.
టచ్ అంటే ముట్టుకో.
లేనిదాన్ని ముట్టుకుంటే అది పుడుతుంది,
లోపల ఏమీ లేకుండా.

ఇప్పుడు ఏది తుడవాలన్నా ముందు ఎకో అని రాస్తాను:
చెయ్యకు, ఏం చేస్తావో చెప్పు చాలు.

మొన్న పన్ను కట్టడానికి ఎవరో వచ్చారు.
ఆ నంబరు తెరిచాను. సున్నా బైట్లు.
తెల్లటి తెర వైపే చూస్తూ అడిగాను,
"మెట్లు బయటినుంచే కదమ్మా?"