రెండు కండ్లు ఇడ్సిపెట్టి

"రెండు కండ్లు ఇడ్సిపెట్టి
యాడన్నా కొట్టు సారూ,
తోలు నీది, ఎముకలు మావి"
అని ఈరమ్మ
కొడుకును నా బల్లకాడ ఒప్పజెప్పి పోయిన పొద్దు
నాకు ఇరవై ఆరేండ్లు.
కొత్త ఉద్యోగం, కొత్త చెప్పులు,
ఏడో తరగతిలో డెబ్భై ఒక్క మంది.

బరికె నేను తెచ్చేవాణ్ణి కాదు.
పిల్లోళ్ళనే పంపేవాణ్ణి వంక గట్టుకు
తంగేడు కొమ్మ తెమ్మని.
ఎవరి వంతుకు వాళ్ళు ఏరి, ఆకు దూసి,
కణుపులు నున్నగా చెక్కి తెచ్చిచ్చేవాళ్ళు.
బాగుందా సార్, అని అడిగేవాళ్ళు కూడా.
బాగుందనేవాణ్ణి.

తుగ్గలి పక్క తొలకరి పడిందంటే
బడి సగం ఖాళీ.
ఎర్రచేలల్లో ఊరికి ఊరే వంగి నడుస్తాది
మట్టిలో వజ్రం మెరుస్తాదేమోనని.
యాడాడోళ్ళో వచ్చి చెట్లకింద పొయ్యిరాళ్ళు పెట్టుకుంటారు.
ఉరుకుందు నాలుగు రోజులు రాలేదు.
ఐదో రోజు వచ్చినాడు,
మోకాళ్ళ దాకా మన్నుతో,
కుడిచెయ్యి పిడికిలి మూసుకొని.

చెయ్యి చాపు.
ఎడమది చాపినాడు.
అది కాదు.
ఇంకోటి ఇయ్యడు.
తెరువు అన్నా. తెరవలేదు.
మూసిన పిడికిలి మీదనే కొట్టినా.
నేను లెక్కల సారును.
ఆ పొద్దు లెక్కబెట్టలేదు.

మూడోనాడు ఈరమ్మ వచ్చింది.
వాని వేలికి పసుపు గుడ్డ,
ఆమె కొంగులో నాకు పచ్చి శెనక్కాయలు.
"ఏం తప్పు జేసినాడో, మనసులో పెట్టుకోవద్దు సారూ."
ఆ కాయలు నేను తిన్నా.
అది కూడా రాయాల.

తర్వాత కాగితాలొచ్చినాయి.
చట్టం వచ్చింది, దాని ఎనక సర్క్యులర్ వచ్చింది,
కర్నూల్లో మూడు రోజుల శిక్షణ,
పూటకో టీ, రెండు బిస్కెట్లు.
"పిల్లల్ని కొట్టము" అని అందరం నిలబడి చదివి
సంతకాలు పెట్టినాము.
పక్క కుర్చీలో డ్రిల్లు సారు గొణిగినాడు:
"దెబ్బలు తినే గదయ్యా మనం మనుషులమైంది."
అయినామా, అని నేను అడగలేదు.
బడి గోడకు ఫిర్యాదుల పెట్టె తగిలించినారు.
తాళంచెవి ఎవరికాడ ఉందో తెలీదు.
చీటీలు వేసే సందులో
కందిరీగలు గూడు పెట్టినాయి.

మానేసినా.
ఒక్కసారిగా అంటే అబద్ధం.
మొదట బరికె బీరువా మీదికి పోయింది,
తర్వాత తొడపాశం, తర్వాత గోడకుర్చీ,
తర్వాత నోరు.
నోరు మానేది ఇంకా పూర్తి కాలేదు.

ఈ జూన్‌లో ఉరుకుందు వచ్చినాడు
కూతుర్ని ఆరో తరగతిలో చేర్పియ్యను.
"కొట్టకుంటే సదువు యాడొస్తాది సార్,
రెండు కండ్లు ఇడ్సిపెట్టి..."
అమ్మ మాటే. అదే రాగం.
చూపుడువేలు ఎత్తినాడు,
అది నిటారుగా నిలబడలేదు.
ఆ పిల్ల, ఇందుజ, గోడమీది అంకెలు
పైకే చదువుతాంది: పది తొంభై ఎనిమిది.
"అదేందిమే?"
"ఎవరన్నా కొడితే ఫోన్ చేసే నంబరు నాయినా."
వాడు నవ్వినాడు. నేనూ నవ్వినా,
కొంచెం ఆలస్యంగా.

అప్పుడడిగినా,
ఆ పొద్దు నీ పిడికిట్లో ఏముండె రా?
"గ్యాపకం లేదు సార్. పలుగురాయేమో.
నిజమైందో కాదో మీకు సూపిచ్చి అడుగుదామని
తెచ్చినట్టుండా."
అడ్మిషను కాగితం మడిచి జేబులో పెట్టుకొని
"దెబ్బలు మాత్రం పదకొండు" అన్నాడు,
కోపం లేకుండా,
హాజరు పలికినట్టు.

బరికె పట్టక ఎనిమిదేండ్లు.
అయినా బోర్డు తుడుద్దామని చెయ్యెత్తితే
ముందు బెంచీలో ఎవరో ఒకరు
కండ్లు గట్టిగా మూసుకుంటారు.

ఇడ్సిపెట్టమన్నవి అవే.