ముసురు

అమావాస్య వెళ్లిన పొద్దున
మలావీ సరస్సు మీద ముసురు లేచింది.
వాన కాదు.

న్యామ్‌హాంగో మూకుడుకు నూనె రాసి
గాలిలో గిరగిరా తిప్పింది. మూకుడు నల్లబడింది.

"కుట్టవా అవ్వా?"
"కుట్టడానికి నోరేదీ వీటికి!"

తవోంగ ఒకదాన్ని వేలికొసన నిలిపి లెక్కపెట్టింది.
తూనీగకు నాలుగు, దీనికి రెండే రెక్కలు.
మిగిలిన జత కుదించుకుపోయి
రెండు గుండుసూదులైంది.
అవి ఊగితేనే ఎగరడం, లేదంటే పల్టీలు.

పుండు మీద వాలే ఈగకూ
ఎద్దును ఏడిపించే జోరీగకూ
తేనెటీగ వేషంలో పూల చుట్టూ తిరిగే దొంగకూ
అవే సూదులు.
ఎంత దూరపు చుట్టాలో!

అవ్వ ముద్ద చేసి ఎండబెట్టింది.
రాత్రి న్సిమాతో నంజుకుంటే
కొంచెం చేదు, కొంచెం చేప.
నాలుక కింద
ఊగడం మానిన
ఎన్ని వేల సూదులో.