నూనె లోతు

నా పని చెప్తే నవ్వుతారు.
కృష్ణపట్నంలో ఓడ దిగిన నూనె
ఎంత లోతుందో చూసి రాసుకోవడం.
ట్యాంకు నెత్తికెక్కి
ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి వదుల్తా,
తడి ఎందాకా అంటిందో చూస్తా,
మిల్లీమీటర్లలో రాస్తా, సంతకం పెడతా.
పదకొండేళ్లు.
ఒక్క మిల్లీమీటరు తప్పు రాయలా.

నూనె ఏ చెట్టుదో రాయడానికి
ఆ కాయితంలో గడి లేదు.

మొన్న మూడో నెంబరు జెండా ఎగరేసిన రోజు
నూనె దించడం ఆపేశారు.
ఓడలో వంటవాడు, సుమత్రా పిల్లోడు, పేరు రిజాల్,
నా పక్కన కూర్చొని సెల్లులో ఫొటో చూపించాడు.
వాళ్ల తాత ఊరంట.
ఒక ఏనుగు
ఇల్లు మర్చిపోయిన ముసలమ్మలా
పామాయిల్ చెట్ల వరసల మధ్య నిలబడి ఉంది.
ఎటు చూసినా ఒకే చెట్టు. ఒకే ఎడం.
"ముందు ఇక్కడ వాన కురిస్తే
నేల మీద పడ్డానికి పావుగంట పట్టేది" అన్నాడు,
ఆకు మీంచి ఆకుకి
చేత్తో దించి చూపిస్తా.
ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

మాది వింజమూరు పక్క మెట్ట.
మాకాడ వాన మబ్బు నుంచి సూటిగా
మట్టిలోకి దిగుతుంది, వచ్చినప్పుడు.
పావుగంట ఆగి ఆగి దిగే వాన
రెండ్రోజులు నన్ను నిద్రపోనియ్యలేదు.

వెంగమ్మకు చెప్పా.
ఆమె అయ్యో అనలేదు.
కళ్లజోడు తెచ్చుకుని
వంటింట్లో పొట్లాలన్నీ తిరగేసింది.
బిస్కెట్లు, సబ్బు, చిన్నదాని నూడుల్స్,
పండక్కని దాచిన వనస్పతి.
చీమ తలకాయంత అక్షరాలు.
"అన్నిట్లో మీ ఓడే ఉండాదయ్యా" అంది.

ఆ వారమే తమ్ముడి చేత
మూటెడు చెనక్కాయలు తెప్పించి
ముత్తుకూరు రోడ్డులో ఖాజావలి గానుగలో ఆడించింది.
లెక్క చూసి నా గుండె గుభేలుమంది.
"ధర రెండింతలైతే పోపు సగం" అంది.
అప్పడాలు నిప్పుల మీదికి మారాయి.
బజ్జీలు నెలకొక ఆదివారం.
ఆ ఆదివారం మా చిన్నది
మూకుడు పక్కన పిల్లిలా కాచుక్కూర్చుంటుంది.
దానికో మార్కాపురం పలక కూడా వచ్చింది.
"లెక్క తప్పితే తుడువు,
కాయితాలు చించబాక."

వీధి చివర మస్తానమ్మ పునుగుల బండి.
ఆమెనూ అడిగింది వెంగమ్మ, నూనె మార్చమని.
"మారుస్తా. ప్లేటుకు యాభై ఇస్తావా?
రోజూ వస్తావా?"
గరిటె తిప్పుతానే అడిగింది మస్తానమ్మ.
వెంగమ్మ దగ్గర జవాబు లేదు.
నా దగ్గరా లేదు.
ఇద్దరం చెరో ప్లేటు తిని వచ్చాం.
బాగున్నాయి కూడా.

ఇవాళ మళ్లీ ఓడొచ్చింది.
వేరే ఓడ. రిజాల్ లేడు.
ట్యాంకు నెత్తిన ఈదురుగాలి.
నా జీతం, చిన్నదాని ఫీజు,
ఆ చెనక్కాయల డబ్బులూ
ఈ ట్యాంకులోంచి వచ్చినవే, దాచేదేముంది.
పన్నెండు మీటర్ల నాలుగువందల అరవై.
మా ఇంటి డబ్బా ఇందులోంచి తగ్గించింది
టేపు మీద వెంట్రుక మందం కూడా కాదు.
అయినా ఈ తూరి
అంకె రాసే ముందు రెండు సార్లు చూశా.

గుండు పైకి లాగి గుడ్డతో తుడుస్తుంటే
ఒక బొట్టు జారింది.
అడుగుదాకా పడ్డానికి ఎంతసేపు పడుతుందా అని
వంగి చూశాను.